లెక్కల పుస్తకంలో జెఫర్సన్ కొడుకు

అమెరికా జనాభా లెక్కల కథ – మూడో భాగం

గత భాగంలో 1787 నాటి ఫిలడెల్ఫియా సభను చూశాం. రాజ్యాంగం రాయడానికి కూర్చున్న పెద్దలు ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లన్న తగవు తెగక, చివరికి ఒక బేరానికి వచ్చారు. స్వేచ్ఛగా ఉన్నవాళ్లను తలకొకటి చొప్పున లెక్కించాలి. బానిసల్లో ప్రతి అయిదుగురినీ ముగ్గురి కింద జమకట్టాలి. పదేళ్లకోసారి దేశమంతా జనాన్ని లెక్కించి, దాని ప్రకారం ప్రతినిధుల సభలో సీట్లు పంచాలి. ఇక ఆ బేరాన్ని ఊరూరా తిరిగి అమల్లో పెట్టాలి. ఆ పని ఎవరి హయాంలో మొదలైందో, అది అతని సొంత ఇంటి గడపను ఎలా తాకిందో ఈ భాగంలో చెప్పుకుందాం.

నల్ల సిరా, ఎర్ర సిరా

1790 మార్చి 1న అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ తొలి జనాభా లెక్కల చట్టం మీద సంతకం పెట్టాడు. అదే నెలలో థామస్ జెఫర్సన్ విదేశాంగ మంత్రిగా పని మొదలుపెట్టాడు. పేరుకు విదేశాంగమే అయినా దేశం లోపలి వ్యవహారాలు కూడా అప్పట్లో ఆ శాఖే చూసేది. అలా లెక్కల పర్యవేక్షణ జెఫర్సన్ చేతికి వచ్చింది.

తిరిగి లెక్కించే పని కోర్టు మార్షల్స్‌కు, వాళ్ల కింద పనిచేసే సుమారు 650 మంది సహాయకులకు అప్పగించారు. అచ్చు ఫారాలు లేవు. కాగితం ఎవరికి వాళ్లే తెచ్చుకుని, గీతలు గీసుకుని రాసుకోవాలి. ప్రశ్నలు ఆరే. ఇంటి పెద్ద పేరు, పదహారేళ్లు నిండిన తెల్ల మగవాళ్లు ఎందరు, అంతకు తక్కువ వయసు తెల్ల మగపిల్లలు ఎందరు, తెల్ల ఆడవాళ్లు ఎందరు, స్వేచ్ఛగా ఉన్న ఇతరులు ఎందరు, బానిసలు ఎందరు. ఇంటి పెద్దకు తప్ప మిగతావాళ్లెవరికీ పేరు లేదు.

మొత్తం 39,29,214 మంది తేలారు. వాషింగ్టన్‌కు ఈ అంకె నచ్చలేదు, జెఫర్సన్‌కూ నచ్చలేదు. జనం అంతకంటే ఎక్కువే ఉంటారని ఇద్దరి నమ్మకం. తలలు లెక్కించడం పాపమని కొందరు తలుపు తీయలేదనీ, ఇది పన్ను వేయడానికి ఎత్తుగడ అని మరికొందరు తక్కువ చేసి చెప్పారనీ, కొన్నిచోట్ల ఉద్యోగులే అశ్రద్ధ చేశారనీ వాషింగ్టన్ ఒక ఉత్తరంలో వాపోయాడు. ఐరోపాలోని తమ రాయబారులకు పట్టికలు పంపేటప్పుడు జెఫర్సన్ ఒక పద్ధతి పాటించాడు. నిజంగా లెక్కలో తేలిన అంకెలను నల్ల సిరాతో రాసి, ఇంకా అందని చోట్ల తన అంచనాలను ఎర్ర సిరాతో నింపాడు. ఏది లెక్కో ఏది ఊహో చదివేవాడికి విడివిడిగా కనబడాలన్న జాగ్రత్త అది. అంకెల విషయంలో అతనికి అంత పట్టింపు ఉండేది.

ప్రాంతాల వారీగా చూస్తే మొదటి పట్టికలోనే రెండు దేశాలు కనిపిస్తాయి. వర్జీనియాలో 7,47,610 మంది జనం ఉంటే అందులో 2,92,627 మంది బానిసలు. దక్షిణ కరోలినాలో 2,49,073 మందికి 1,07,094 మంది బానిసలు. ఉత్తరాన మసాచుసెట్స్‌లో 3,78,787 మంది ఉండగా బానిసల గడిలో సున్నా పడింది. అంతర్యుద్ధం ఇంకా డెబ్బై ఏళ్ల దూరాన ఉంది. ఏ గీత మీద ఆ దేశం రెండుగా చీలబోతోందో ఈ పట్టిక అప్పుడే చూపించింది.

జెఫర్సన్ సొంతంగా మరో లెక్కల పుస్తకం కూడా రాసేవాడు. మాంటిచెల్లో కొండ మీది తన ఎస్టేటుకు సంబంధించిన ఆ చిట్టాలో ఎవరెవరు ఎప్పుడు పుట్టారు, ఎవరికి ఎన్ని గజాల బట్ట, ఎంత తిండి ఇచ్చారు అన్నీ ఉన్నాయి. జీవితం మొత్తం మీద అతని కింద ఆరు వందల మందికి పైగా బానిసలు బతికారు. ఆ చిట్టాలో వాళ్లకు పేర్లున్నాయి. యజమానికి కావాల్సిన పేరు ప్రభుత్వానికి అక్కర్లేకపోయింది.

ఆరు సీట్ల తేడా

అయిదుగురిని ముగ్గురిగా లెక్కించడం ఎంత పని చేసిందో ఒక్క కూడికతో తెలుస్తుంది. 1790 లెక్క ప్రకారం వర్జీనియాలో స్వేచ్ఛగా ఉన్నవాళ్లు 4,54,983 మంది. పెన్సిల్వేనియాలో 4,30,636 మంది. తేడా పాతిక వేలు కూడా లేదు. కానీ వర్జీనియాకు 19 సీట్లు వస్తే పెన్సిల్వేనియాకు 13 మాత్రమే దక్కాయి. ఆ ఆరు సీట్లూ ఓటు లేని, కోర్టులో సాక్ష్యం చెప్పే హక్కు లేని, తమ బిడ్డలనే తమవాళ్లని చెప్పుకోలేని మనుషుల పేరిట వచ్చినవి. వాటిలో కూర్చున్నది వాళ్ల యజమానులు.

అధ్యక్ష ఎన్నికలో ఒక్కో రాష్ట్రానికి ఉండే ఓట్లకూ సీట్లే ఆధారం. 1800లో జెఫర్సన్‌కు 73 ఓట్లు, అధ్యక్షుడిగా ఉన్న జాన్ ఆడమ్స్‌కు 65 ఓట్లు వచ్చాయి. బానిసల వాటా తీసేస్తే ఆడమ్సే గెలిచేవాడని చాలామంది చరిత్రకారులు లెక్కగట్టి చూపించారు. మొదటి అయిదుగురు అధ్యక్షుల్లో నలుగురు వర్జీనియా వాళ్లే కావడంలో వాళ్ల ప్రతిభకు ఎంత పాత్ర ఉందో, ఈ కూడికకూ అంత పాత్ర ఉంది.

ఒకే మనిషి, రెండు రంగులు

జెఫర్సన్ భార్య మార్తా 1782లో చనిపోయింది. మార్తా తండ్రి జాన్ వేల్స్‌కు ఒక బానిస స్త్రీ వల్ల కలిగిన పిల్లల్లో ఒకరు శాలీ హెమింగ్స్. అంటే వరసకు జెఫర్సన్ మరదలు, చట్టానికి అతని ఆస్తి. జెఫర్సన్ పారిస్‌లో రాయబారిగా ఉన్న రోజుల్లో పద్నాలుగేళ్ల శాలీ అతని కూతురికి తోడుగా అక్కడికి వెళ్లింది. ఫ్రాన్సులో ఉండిపోతే స్వేచ్ఛ దొరికేది. పుట్టబోయే పిల్లలకు ఇరవై ఒకటో ఏట విముక్తి ఇస్తానని జెఫర్సన్ మాటిచ్చాకే ఆమె వర్జీనియాకు తిరిగి వచ్చిందని ఆమె కొడుకు మాడిసన్ తర్వాత చెప్పాడు. 1802లో, జెఫర్సన్ అధ్యక్షుడిగా ఉండగానే, జేమ్స్ కాలెండర్ అనే పత్రికా రచయిత ఈ సంబంధాన్ని పత్రికకెక్కించాడు. జెఫర్సన్ బహిరంగంగా అవుననలేదు, కాదనలేదు.

పెద్దయ్యేదాకా బతికిన పిల్లలు నలుగురు. బెవర్లీ, హారియట్, మాడిసన్, ఎస్టన్. వంశం ప్రకారం చూస్తే ఎనిమిదింట ఏడు వంతులు తెల్లవాళ్లు. కానీ వర్జీనియా చట్టంలో బిడ్డకు తల్లి స్థితే వర్తిస్తుంది కాబట్టి పుట్టుకతోనే బానిసలు. 1805లో పుట్టిన మాడిసన్ 1810 లెక్కల్లోనూ, 1820 లెక్కల్లోనూ జెఫర్సన్ ఇంటి వరుసలో, బానిసల గడిలో ఒక అంకెలో భాగం మాత్రమే.

1822లో బెవర్లీ, హారియట్ మాంటిచెల్లో వదిలి వెళ్లి తెల్లవాళ్లలో కలిసిపోయారు. 1826 జులై 4న జెఫర్సన్ కన్నుమూశాడు. వీలునామాలో అయిదుగురికి విముక్తి రాశాడు. వాళ్లలో మాడిసన్, ఎస్టన్ ఉన్నారు. శాలీ పేరు లేదు. జెఫర్సన్ కూతురు ఆమెను ఏ కాగితమూ లేకుండానే వెళ్లనిచ్చింది. అప్పులు తీర్చడానికి 1827 జనవరిలో మాంటిచెల్లోలో 130 మందిని వేలానికి పెట్టారు. విముక్తి దక్కిన అయిదుగురిలో ఒకడైన కమ్మరి జో ఫాసెట్ కళ్ల ముందే అతని భార్యాబిడ్డలు వేలంలో తలో చోటికీ అమ్ముడుపోయారు. ఆ పిల్లల్లో ఒకడైన పదకొండేళ్ల పీటర్ పెద్దయ్యాక సిన్సినాటీలో పేరున్న బాప్టిస్టు పాస్టరయ్యాడు.

శాలీ తన ఇద్దరు కొడుకులతో షార్లెట్స్‌విల్ ఊళ్లో కాపురం పెట్టింది. 1830లో లెక్కలకు వచ్చిన ఉద్యోగి ఆ ఇంటివాళ్లను తెల్లవాళ్ల గడుల్లో వేసుకున్నాడు. 1833లో అదే ఊళ్లో మరో లెక్క జరిగింది. స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లను ఆఫ్రికాలోని లైబీరియాకు పంపించే పథకం కోసం చేసిన ప్రత్యేక లెక్క అది. అందులో శాలీ స్వేచ్ఛ పొందిన ములాటోగా, అంటే మిశ్రమ వర్ణపు స్త్రీగా నమోదైంది. మనిషి మారలేదు, ఊరు మారలేదు. మూడేళ్లలో ఆమె రంగు మాత్రం మారింది. గడిని నింపేది ఎదుటి మనిషి కాదనీ, కలం పట్టుకున్నవాడి చూపూ, ఆ లెక్క అడిగిన సర్కారు అవసరమూ అనీ ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ అరుదు.

కాకి లెక్కలు

లెక్క తప్పితే ఏమవుతుందో 1840లో దేశం చూసింది. ఆ ఏడాది మతిస్థిమితం లేనివాళ్లను కూడా లెక్కించమన్నారు, తెల్లవాళ్లకు ఒక గడి, నల్లవాళ్లకు ఒక గడి. ఫలితాలు అచ్చయ్యేసరికి దక్షిణాది బానిసల కంటే ఉత్తరాదిలో స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లలో పిచ్చి దాదాపు పది రెట్లు ఎక్కువని తేలింది. మెయిన్ రాష్ట్రంలోనైతే ప్రతి పద్నాలుగు మందిలో ఒకరికి మతి లేదట.

దక్షిణాది నాయకులకు ఇది వరమైంది. 1844లో విదేశాంగ మంత్రి జాన్ కల్హూన్ బ్రిటిష్ రాయబారికి రాసిన లేఖలో ఈ అంకెలనే ఎత్తిచూపి, స్వేచ్ఛ నల్లవాడికి కీడు చేస్తుందనీ బానిసత్వమే అతనికి రక్ష అనీ వాదించాడు. 1790లో జెఫర్సన్ కూర్చున్నది ఈ కుర్చీలోనే.

మసాచుసెట్స్‌లో ఎడ్వర్డ్ జార్విస్ అనే వైద్యుడు మొదట ఈ అంకెలను నమ్మి 1842లో వాటి మీదే ఒక వ్యాసం రాశాడు. తర్వాత అనుమానం వచ్చి ఊరూరి పట్టికలు దగ్గర పెట్టుకుని సరిచూశాడు. వూస్టర్ పట్టణంలో 133 మంది మతిలేని నల్లవాళ్లున్నారని రాసి ఉంది. తీరా చూస్తే వాళ్లు అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలలోని తెల్ల రోగులు. మెయిన్‌లో కొన్ని ఊళ్లలో ఒక్క నల్ల మనిషి కూడా లేడు, అయినా మతిలేని నల్లవాళ్లు ఉన్నట్టు రాశారు. గడులు ఇరుకుగా పక్కపక్కనే ఉండడంతో తెల్లవాళ్ల గడిలో పడాల్సిన అంకెలు నల్లవాళ్ల గడిలో పడ్డాయి. తాను రాసినదాన్ని జార్విస్ వెంటనే బహిరంగంగా ఖండించుకున్నాడు. న్యూయార్క్‌లో జేమ్స్ మెక్‌కూన్ స్మిత్ కూడా ఇదే పోరాటం చేశాడు. బానిసగా పుట్టి, అమెరికాలో ఏ వైద్య కళాశాలా చేర్చుకోకపోతే గ్లాస్గో విశ్వవిద్యాలయానికి వెళ్లి 1837లో వైద్య పట్టా తెచ్చుకున్నవాడు అతను. వైద్య పట్టా పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్. అంకెల్లోని అబద్ధాన్ని అంకెలతోనే చీల్చి చెప్పాడు.

అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ కాంగ్రెస్‌కు విన్నపం పంపింది. ప్రతినిధుల సభలో మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ పట్టుబట్టాడు. తప్పుందో లేదో తేల్చమని విషయం చివరికి కల్హూన్ శాఖకే వెళ్లింది. లెక్క సరిగ్గానే ఉందని కల్హూన్ జవాబిచ్చాడు. ఆ కాకి లెక్కలు దిద్దుబాటు లేకుండానే ప్రభుత్వ రికార్డుల్లో ఉండిపోయాయి. తర్వాత కూడా బానిసత్వాన్ని సమర్థించేవాళ్లు వాటినే పట్టుకుని వాదించారు.

పేరు గడి కొట్టేశారు

ఆ పరాభవం వల్లే 1850 లెక్కలను కొత్త పద్ధతిలో చేద్దామనుకున్నారు. ఇంటి పెద్ద ఒక్కడే కాకుండా స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ, వయసూ, పుట్టిన చోటూ రాయాలన్నారు. బానిసలకు విడిగా ఒక పట్టిక తయారైంది. మొదటి ముసాయిదాలో అందులో కూడా పేరు గడి ఉంది. దక్షిణాది సెనేటర్లు ఒప్పుకోలేదు. బానిసల పేర్లతో దేశానికేం పనని వాదించి పేరు గడి కొట్టేయించారు. దాని బదులు అంకె పెట్టారు.

ఆ పట్టిక ఇప్పటికీ చూడొచ్చు. ఎడమ అంచున యజమాని పేరు. దాని కింద వరసగా ఒకటి, ఒకటి, ఒకటి అని అంకెలు. ఒక్కో ఒకటీ ఒక మనిషి. ఎదురుగా వయసు, ఆడో మగో, నలుపో మిశ్రమ వర్ణమో సూచించే అక్షరం. తర్వాత పారిపోయాడా, విముక్తి పొందాడా అన్న గడులు. చివర్న చెవుడు, మూగ, గుడ్డితనం, మతిలేమి. 1860లో బానిసల గుడిసెలెన్నో అడిగే గడి కూడా చేర్చారు. కొద్ది చోట్ల ఎవరో ఒక ఉద్యోగి నియమాన్ని పక్కన పెట్టి పేర్లు రాసుకున్నాడు. మిగతా దక్షిణాదంతా పేజీల తరబడి పేర్లు లేని వయసులే. 1850లో 32,04,313 మంది ఇలా నమోదయ్యారు.

మేరీలాండ్‌లో 1818లో పుట్టిన బానిసత్వ వ్యతిరేక నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ 1820, 1830 లెక్కల నాటికి ఇలాంటి అంకెల్లోనివాడే. 1838లో పారిపోయి, 1846లో ఇంగ్లండ్ స్నేహితులు చందాలు పోగేసి విముక్తి కొనిపెట్టాక, 1850 నాటికి రోచెస్టర్‌లో సొంత పత్రిక నడుపుతున్న స్వేచ్ఛాజీవి. పుట్టినరోజు తెలియకపోవడం అతన్ని జీవితాంతం బాధించింది. తన పుట్టుక 1817 అనుకుంటూనే 1895లో చనిపోయాడు. పాత యజమాని చిట్టాలో హారియట్ కొడుకు ఫ్రెడరిక్ అగస్టస్, ఫిబ్రవరి 1818 అన్న వరుస ఉందని తర్వాతి కాలపు పరిశోధకులు తేల్చారు. వర్జీనియాలో 1856లో పుట్టిన విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ సంగతీ ఇంతే. 1860 బానిసల పట్టికలో అతనికి పేరు లేదు. మరుసటేడు యజమాని చనిపోయాక తీసిన ఆస్తుల జాబితాలో మాత్రం పేరుంది. పేరు పక్కన ధర, 400 డాలర్లు.

లింకన్ చేతిలోని పటం

1860 లెక్కల్లో బానిసలు 39 లక్షల 50 వేలు దాటారు. మరుసటేడు ఉత్తరాది, దక్షిణాదిల మధ్య అంతర్యుద్ధం మొదలైంది. తీర సర్వే శాఖలో పనిచేసే ఎడ్విన్ హెర్గెషైమర్ ఆ అంకెలను తీసుకుని దక్షిణాది పటం ఒకటి గీశాడు. ఏ కౌంటీలో నూటికి ఎంతమంది బానిసలో, అంత ముదురుగా నలుపు. మిసిసిపీ నది ఒడ్డూ, దక్షిణ కరోలినా తీరమూ కాటుక పూసినట్టు ఉంటాయి. వర్జీనియా పడమటి కొండలూ టెనెసీ తూర్పు కొండలూ దాదాపు తెల్లగా ఉంటాయి. దక్షిణాది అంతా ఒక్కమాట మీద ఉందన్న ప్రచారం ఆ పటం ముందు నిలవలేదు. బానిసలు తక్కువగా ఉన్న ఆ కొండ ప్రాంతాలే దేశం నుంచి విడిపోవడాన్ని వ్యతిరేకించాయి. వర్జీనియా పడమటి భాగం 1863లో విడిగా రాష్ట్రమే అయింది.

అధ్యక్షుడు అబ్రహం లింకన్ ఈ పటాన్ని తరచూ ముందు పరుచుకుని చూసేవాడు. ఎక్కడ తన సేనలు ముందుకెళ్తే ఎందరికి విముక్తి దొరుకుతుందో అందులో కనబడేది. లింకన్ బానిసల విముక్తి ప్రకటనను మంత్రులకు చదివి వినిపించే దృశ్యాన్ని చిత్రించడానికి చిత్రకారుడు ఫ్రాన్సిస్ కార్పెంటర్ 1864లో ఆరు నెలలు వైట్‌హౌస్‌లోనే ఉన్నాడు. ఒక రోజు లింకన్ గదిలోంచి ఈ పటాన్ని నమూనా కోసం తెచ్చుకున్నాడు. తర్వాత లింకన్ అక్కడికి వచ్చి, తాను వెతుక్కుంటున్న పటం ఇక్కడుందా అని దాని మీదికి వంగి చూడడం మొదలుపెట్టాడు. ఆ తైలవర్ణ చిత్రంలో కుడివైపు కింది మూలన పటం ఈనాటికీ ఉంది.

అదే ఏడాది ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ అట్లాంటా నుంచి సముద్రతీరంలోని సవన్నా దాకా సుమారు 60,000 మంది సైనికులతో నడిచాడు. వెనకనుంచి సరుకులు అందే దారి తెంచుకుని బయల్దేరాడు. తిండి దారిలోనే దొరకాలి. లెక్కల శాఖ అధిపతి జోసెఫ్ కెన్నెడీ జార్జియా పటం మీద కౌంటీల వారీగా జనం, పశువులు, పంటల వివరాలు రాయించి అతనికి పంపించాడు. బానిసల యజమానులు తమ సీట్ల కోసం పట్టుబట్టి చేయించుకున్న లెక్క, వాళ్ల రాజ్యాన్ని కూలదోసిన సైన్యానికి దారి చూపింది.

ఓహియోలో ఒక వాక్యం

1865లో పదమూడో సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1868లో పద్నాలుగో సవరణ అయిదింట మూడు వంతుల లెక్కను తుడిచేసింది. 1870లో తొలిసారిగా నల్లవాళ్లందరినీ పేర్లతో రాయమన్నారు. దక్షిణాదిలో లక్షల మందికి ప్రభుత్వ కాగితం మీద పేరు పడడం అదే మొదలు. ఇంటిపేరు ఏం చెప్పాలో కొందరు అప్పుడే నిర్ణయించుకున్నారు. తమ పూర్వీకులను వెతుక్కునే ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలు ఇప్పటికీ ముందుగా తెరిచేది 1870 పట్టికనే. దాని వెనక్కి వెళ్లడం చాలామందికి సాధ్యం కాదు.

ఆ లెక్క కూడా సవ్యంగా జరగలేదు. యుద్ధంలో చితికిన దక్షిణాదిలో చాలామంది నల్లవాళ్లు లెక్కకు అందలేదు. 1870లో వాళ్లు 48,80,009 మందిగా తేలితే 1880లో 65,80,793 మంది తేలారు. పదేళ్లలో నూటికి దాదాపు ముప్పై అయిదు మంది పెరిగారంటే, నిజంగా పెరిగినవాళ్లతో పాటు మొదటిసారి తప్పిపోయినవాళ్లు కూడా అందులో ఉన్నారు. వయోజనులైన మగవాళ్లకు ఓటు నిరాకరిస్తే ఆ మేరకు రాష్ట్రానికి సీట్లు తగ్గించాలని పద్నాలుగో సవరణలో ఉంది. దానికోసం 1870 ఫారంలో గడి కూడా పెట్టారు. వచ్చిన అంకెలు నమ్మదగినవి కావని పక్కన పెట్టేశారు. ఆ నిబంధన ప్రకారం ఏ దక్షిణాది రాష్ట్రమూ ఎన్నడూ ఒక్క సీటూ పోగొట్టుకోలేదు.

ఇక మాడిసన్ దగ్గరికి వద్దాం. మేనమామ జాన్ దగ్గర వడ్రంగం నేర్చుకున్న అతను 1836లో భార్య మేరీతో కలిసి ఓహియో రాష్ట్రానికి వలస వెళ్లాడు. ఇళ్లు కట్టి, పొలం కొనుక్కుని, పిల్లల్ని పెంచాడు. 1870లో రాస్ కౌంటీలో లెక్కలకు తిరుగుతున్న విలియం వీవర్ అతని ఇంటికొచ్చాడు. పేరు, వయసు, రంగు, వృత్తి రాసుకున్నాడు. నియమం ప్రకారం పని అక్కడితో అయిపోయింది. కానీ వీవర్ ఆ వరుస దగ్గర అడగని మాట ఒకటి చేర్చాడు. ఇతను థామస్ జెఫర్సన్ కొడుకని రాశాడు. తొలి జనాభా లెక్కలను పర్యవేక్షించిన మనిషికి, తన ఇంట్లోనే బానిసగా పుట్టిన కొడుకున్నాడని ఆ జనాభా లెక్కల పుస్తకమే నమోదు చేసింది.

1873లో పైక్ కౌంటీలోని ఒక పత్రిక మాడిసన్ ఆత్మకథను ప్రచురించింది. తల్లి కథ, పారిస్ మాట, తండ్రి ఎవరన్నది అందులో నేరుగా చెప్పాడు. నూరేళ్లకు పైగా పెద్ద చరిత్రకారుల్లో ఎక్కువమంది దాన్ని నమ్మలేదు. జెఫర్సన్ మనవలు చెప్పిన కాదన్న మాటకు విలువిచ్చి, మాజీ బానిస చెప్పిన అవునన్న మాటను కొట్టిపారేశారు. 1997లో చరిత్రకారిణి ఆనెట్ గోర్డన్-రీడ్ ఈ పక్షపాతాన్ని సాక్ష్యాలతో ఎండగట్టింది. 1998లో ఎస్టన్ వంశంలోని మగవారసుడి డీఎన్‌ఏ జెఫర్సన్ వంశపు డీఎన్‌ఏతో సరిపోయింది. మాంటిచెల్లోను నిర్వహించే సంస్థ కూడా 2000లో ఆ పితృత్వాన్ని అంగీకరించే నిర్ణయానికి వచ్చింది.

తమ్ముడు ఎస్టన్ మరో దారి పట్టాడు. ఓహియోలో కొన్నేళ్లు ఉండి 1850ల్లో విస్కాన్సిన్‌కు మారి, ఇంటిపేరు జెఫర్సన్ అని పెట్టుకుని తెల్లవాడిగా బతికాడు. అతని కొడుకు జాన్ వేల్స్ జెఫర్సన్ అంతర్యుద్ధంలో తెల్లవాళ్ల రెజిమెంటులో కర్నల్ స్థాయికి ఎదిగాడు. ఒకే తల్లి బిడ్డలు ఓహియోలో ఒక గడిలో, విస్కాన్సిన్‌లో ఇంకో గడిలో పడ్డారు. తమ్ముడికి కొత్త గడి దక్కాలంటే తల్లి పేరు ఎత్తకూడదు. మాడిసన్ ఎత్తాడు. అందుకు అతను చెల్లించిన మూల్యం, నూరేళ్లు అబద్ధాలకోరుగా ముద్ర పడడం.

డు బోయిస్ రంగుల పటాలు

లెక్కలకు ముడిసరుకుగా మాత్రమే ఉన్నవాళ్లు తామే లెక్కించడం మొదలుపెట్టింది ఆ తర్వాతి తరంలో. 1868లో మసాచుసెట్స్‌లో పుట్టి, హార్వర్డ్‌లో డాక్టరేట్ పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ డబ్ల్యూ. ఇ. బి. డు బోయిస్. 1896లో ఫిలడెల్ఫియా ఏడో వార్డులో ఇంటింటికీ తిరిగాడు. అద్దె ఎంత, పని ఏమిటి, పిల్లలు బడికి వెళ్తున్నారా అని స్వయంగా అడిగి రాసుకున్నాడు. నల్లవాళ్ల పేదరికానికి వాళ్ల స్వభావం కారణమన్న మాటను, మూసేసిన ఉద్యోగాల, పెంచేసిన అద్దెల పట్టికలతో ఖండించాడు. ఆ గ్రంథం 1899లో వెలువడింది.

1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనకు అట్లాంటా విశ్వవిద్యాలయం విద్యార్థులతో కలిసి దాదాపు అరవై పటాలు చేత్తో గీసి రంగులు వేశాడు. కొద్ది నెలల వ్యవధి, చాలీచాలని డబ్బు. ఓడలో అన్నిటికంటే చౌక తరగతిలో ప్రయాణించి వాటిని పారిస్ చేర్చాడు. జార్జియా నల్లవాళ్లు ఎక్కడ బతుకుతున్నారో చెప్పే పటం వాటిలో ప్రసిద్ధమైంది. 1890 జనాభా లెక్కల ప్రకారం పదివేలకు మించిన నగరాల్లో ఉన్నవాళ్లు 78,139 మంది, పల్లెల్లో 7,34,952 మంది. మామూలు నిలువు గీతలతో గీస్తే పల్లెల గీత కాగితంలో పట్టదు. డు బోయిస్ దాన్ని ఎర్రరంగు చుట్టగా చుట్టాడు. చూసినవాడి కన్ను ఆ చుట్ట వెంట తిరిగి తిరిగి, ఆ జనం ఎంత పెద్దదో తెలుసుకుని కానీ బయటపడదు. ప్రదర్శన న్యాయనిర్ణేతలు అతనికి బంగారు పతకం ఇచ్చారు. కొద్ది ఏళ్లకే జనాభా లెక్కల శాఖ నల్లవాళ్ల మీద ప్రత్యేక సంచిక తెస్తూ రైతుల అధ్యాయాన్ని డు బోయిస్ చేత రాయించుకుంది.

1790 పట్టికను, 1900 పటాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఒక్కటే. జనాభా లెక్క అనేది గుమాస్తాల పని కాదు, అధికారం పని. ఏ గడి ఉండాలో, ఎవరికి పేరు ఉండాలో, ఎవరిని ఎంత భాగంగా లెక్కించాలో నిర్ణయించినవాళ్లే దేశాన్ని ఏలారు. అలాగని అంకెల మీద నమ్మకం వదులుకోవడం తప్పు. జార్విస్, మెక్‌కూన్ స్మిత్, డు బోయిస్ ఆ దారి పట్టలేదు. అన్యాయంగా వేసిన లెక్కను కూలంకషంగా చదివి, మళ్లీ లెక్కించి, సరైన లెక్కతోనే ఎదిరించారు. కుల గణన మీద, నియోజకవర్గాల పునర్విభజన మీద వాదించుకుంటున్న మనకు ఈ కథ దగ్గరిదే. జనాభా ఫారంలో గడులు ఖరారయ్యే రోజునే పౌరులు కళ్లు తెరిచి ఉండాలి. ఫలితాలు వచ్చాక మొత్తుకుంటే ఏమవుతుందో 1840 కథ చెబుతోంది.

వచ్చే భాగంలో: 1890 లెక్కలను చిల్లుల కార్డులతో యంత్రానికి అప్పగించిన హెర్మన్ హోలరిత్, అతని కంపెనీ నుంచి పుట్టిన ఐబీఎం. ఆ తర్వాత 1930, 1940 లెక్కల్లో అమెరికాలోని భారతీయులను, ఏ మతం వాళ్లయినా సరే, హిందూ అనే జాతి కింద రాసిన వైనం. మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పరిశోధనలు చేసింది సరిగ్గా ఆ కాలంలోనే.